మట్టి మెత్తని గూడు

అమ్ముడుపోని తన గూటిలో కూర్చుండి కాకి కుళ్లుకొనుచుండెను. అడవిలో బేరములు చాటు చిలుక మాట నమ్మి, ఏటి అవతలి పిచ్చుక గిజిగాని గూటినే చూడకుండ కొనెను.

తీరా పంపబోవుచు గిజిగాడు ఉలికిపడెను. గాలికి ఊగకుండ లోపల మట్టి మెత్తితినని చాటించెను గాని, ఈ గూటికి మెత్తనేలేదు!

"ఊరకుండుమోయి, చేరిన పిమ్మట ఎవరడుగుదురు?" అనెను కాకి.

గిజిగాడు వినక, చిలుకచేత నిజము చెప్పి పంపెను. ఇక బేరము తనదేయని కాకి రెక్కలు సవరించుకొనెను.

చిలుక మరలివచ్చి గిజిగానితో, "మట్టి మెత్తి పంపుమన్నది, బావా! చెల్లెండ్రకు మరి రెండు గూళ్లు కావలెనట" అనెను.

కాకికి కడుపు మండెను. "నా గూటి మాట ఎత్తలేదా?"

"ఎత్తితిని, కాకిమామా. ఏ లోపమును లేదని చెప్పించితివి గదా, ఆ మాటకే పిచ్చుక జడిసినది."