సిబిల్ పడిపోతుంది

"మీ మేనేజర్ని పిలవండి. అతగాడొచ్చీదాకా నానీ కుర్చీలోంచి కదల్ను" అన్నాడు సింహాద్రి.

కౌంటర్లో అమ్మాయి బెదిరిపోయి లోపలి గదిలోకి వెళ్ళింది. కరీం మాత్రం తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

"కూకో భాయ్. నువ్వేం దొంగతనం సెయ్లేదు."

"ఎందుకు బావా గొడవ? కట్టీసి ఎల్పోదాం."

"కట్టీడానికేనా నానొచ్చింది?"

ఇద్దరిదీ కూర్మన్నపాలెమే. సింహాద్రి స్టీల్‌ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. కరీం జంక్షన్‌లో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. వేసవిలో కరీం భార్య జైతూన్ బీకి ఆపరేషనైంది. ఆసుపత్రి పక్కనున్న ప్రైవేటు పార్కింగ్‌లో స్కూటర్ పెట్టి లోపలికెళ్ళిన మనిషి, ఆమెకు తెలివొచ్చేదాకా గది ముందు నుంచి కదల్లేదు. వచ్చి చూస్తే బండి చక్రానికి గొలుసు, హ్యాండిల్‌కి జరిమానా చీటీ. గడువు దాటిపోయిందట! గడువు సంగతి రాసిన బోర్డు వేపకొమ్మల వెనక ఎవరికీ కనపడకుండా ఉంది. మామూలు రుసుము కట్టి, జరిమానా మాత్రం కట్టనని చెప్పి, అడిగారు కదా అని ఫోన్ నంబరు రాసిచ్చి బండి తెచ్చుకున్నాడు కరీం.

ఆ తర్వాత ఏం జరిగిందో సింహాద్రికి నిన్నటిదాకా తెలీదు. నిన్న జంక్షన్‌లోని బట్టల షాపుకెళ్తే, కరీం కూతురు తబస్సుమ్ అక్కడ చీరలు మడతపెడుతోంది. నర్సింగ్‌లో సీటొచ్చిందని పొంగిపోయిన పిల్ల! ఇక్కడేం చేస్తున్నావమ్మా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సింహాద్రి కొనాల్సింది కొనకుండానే కరీం దుకాణానికి వెళ్ళి నిలదీశాడు.

"ఒకమ్మాయి రోజూ ఫోన్ సేసేది బావా" అన్నాడు కరీం తల దించుకుని. "జరిమానా కట్టకపోతే నా సిబిల్ స్కోరు పడిపోద్దంట. పిల్ల సదువుకి బ్యాంకోళ్ళు లోనియ్యరంట. లోనుకి అర్జీ పెట్టుకుని కాదనిపించుకుంటే ఆ మచ్చ పిల్లకి కూడా అంటుకుంటాదంట. పోనీ కడదామంటే వారం వారం అది పెరిగిపోతంది. నాను భయపడి బ్యాంకు గుమ్మం ఎక్కలేదు. సీటు గడువు కాస్తా అయిపోయింది."

సింహాద్రి ఒళ్ళు మండిపోయింది. దుకాణం బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు. హేమశ్రీ మధురవాడలో కంప్యూటర్ల ఆఫీసులో చేరి ఏడాదైనా కాలేదు. ఇలాంటివి ఇంట్లో దానికే తెలుసు.

"ఏటి నాన్నా, ఇప్పుడు ఫోన్ సేసావు?"

"అమ్మీ, పార్కింగ్ జరిమానా కట్టకపోతే సిబిల్ పడిపోద్దా?"

హేమశ్రీ నవ్వింది. "అదంతా ఉత్తిదే నాన్నా. బ్యాంకులు, అప్పులిచ్చే కంపెనీలే ఆ స్కోరు జోలికెళ్ళగలవు. పార్కింగోళ్ళకి ఆ దారే లేదు. జనం భయపడి కట్టెస్తారని అలాగంటారు. ఎవరికేటి?"

"మనోడొకడికిలే" అని ఫోన్ పెట్టేశాడు. అంత తేలిక మాటకి ఒక పిల్ల చదువు గంగలో కలిసిందని తలుచుకుంటే రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారగానే కరీంని బండెక్కించుకుని ఈ పార్కింగ్ కంపెనీ ఆఫీసుకొచ్చాడు.

మేనేజర్ సాయిశంకర్ చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. "సార్, అన్నీ రూల్ ప్రకారమే..."

"ఏ రూలు? బోర్డు కొమ్మల్లో దాసీసి, పెళ్ళాం ఆపరేషన్‌కాడ కూకున్నోడి బండికి గొలుసేత్తారా? అది పోనీ, సిబిల్ మీ తాత సొత్తేటి? ఉన్న మాట సెప్పు. మీరు దాన్ని దించగలరా?"

సాయిశంకర్ గొంతు తగ్గించాడు. "లేదనుకోండి. సరే సార్, జరిమానా కొట్టేస్తాను. గొడవొద్దు."

"జరిమానా నీకాడే అట్టేపెట్టుకో! పిల్ల సీటు తెచ్చియ్యి. తేగలవా?"

కరీం భుజం పట్టుకుని లాగినా సింహాద్రి ఆగలేదు. "ఫోన్ సేసిన పిల్లెవతె? దాన్ని సూపించు."

"కాల్స్ మేం చెయ్యం సార్. వేరే కంపెనీకిచ్చాం. వాళ్ళు మర్యాదగానే మాట్లాడతారు, ప్రతి కాలూ రికార్డవుతుంది."

"అయితే ఇనిపించు. ఇనీసి ఇక్కణ్ణుంచి తిన్నగా పోలీస్‌ స్టేషన్‌కే ఎల్తాను. దాని ఉద్యోగం ఊడబెరికీదాకా ఒదల్ను. సాటి ఆడపిల్ల బతుకు మీద మన్నోసింది, అదీ ఆడపిల్లేనా? అలాగ పెంచినోళ్ళని అనాలి ముందు!"

"పోన్లే బావా" అన్నాడు కరీం మెల్లగా. "పొట్టకూటికి సేసుంటాది పాపం."

"పొట్టకూటికని పక్కోడి కూట్లో మన్నేత్తాదా?"

తమ తప్పేం లేదని తేల్చేద్దామన్నట్టు సాయిశంకర్ కంప్యూటర్ ముందు కూర్చుని, కరీం నంబరు కొట్టి, సౌండు పెంచాడు. గొంతు మెత్తగా, భాష పుస్తకంలో చదువుతున్నట్టు ఉంది.

"నమస్కారం సార్, నేను ప్రియని మాట్లాడుతున్నాను. మీ పార్కింగ్ బకాయి ఇంకా అలాగే ఉంది. మీ సిబిల్ పడిపోతుంది సార్. అమ్మాయి చదువుకి లోను కావాలని మీరే అన్నారు కదా? రాదు మరి. రేపు మీ అమ్మాయి ఏడిస్తే మమ్మల్ని అనకండి."

"ఈ అమ్మాయే బావా" అన్నాడు కరీం.

సాయిశంకర్ గబుక్కున సౌండు కట్టేశాడు. "సార్, పోలీసులదాకా వద్దు. ప్రియ అనేది ఫోన్‌లో పెట్టుకునే పేరు. అసలు పేరేంటో కనుక్కుని ఇవాళే తీయించేస్తాను."

ఆ పిల్లకి హేమశ్రీ అని పేరు పెట్టింది సింహాద్రే.