పోస్టరు మీద పేర్లు

“మీ డ్రమ్ములాయన్ని ఎవరైనా తరుముతున్నారా?” అని అడిగింది ఆర్డెల్లా.

ఆదివారం మధ్యాహ్నపు డాన్సు సగమై, స్లేటన్ స్వింగ్ బ్యాండువాళ్ళు విరామానికి వేదిక దిగారు. పియానో వాయించే సన్నపాటి మనిషి, ఎక్కడా చోటు దొరక్క, వేయించిన చేప ముక్కల పళ్ళెంతో ఆమె బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఆ మాటకు నవ్వేశాడు.

“వచ్చి రెండు నెలలేనమ్మా. కుదురుకుంటాడు.”

“పోస్టరు మీద మోజ్ గెయిన్స్ అని ఉంది. మోజ్ వాయిస్తే జనం లేచి ఆడేవాళ్ళు. ఇతను వాయిస్తే లేచి ఇంటికి పోతున్నారు.”

“మోజ్ ఎప్పుడో మానేసి చికాగోలో మంగలిషాపు పెట్టుకున్నాడట. తర్వాత ముగ్గురొచ్చారు, ముగ్గురూ పోయారు. పోస్టర్లు మాత్రం స్లేటన్ గారు ఒకేసారి బండెడు అచ్చేయించి పెట్టారు. అవి అయిపోయేదాకా డ్రమ్ముల ముందు ఎవడు కూర్చున్నా మోజే. నా పేరు యూస్టిస్. పోస్టరు ప్రకారం ఫ్లాయిడ్‌ని.”

ఆర్డెల్లా మూతి విరిచింది. ఆమె ఒళ్ళో తోలు పెచ్చులూడిన పాత ట్రంపెట్ పెట్టె ఉంది. ఓక్‌మల్గీ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ దాన్ని కింద పెట్టలేదు. గుమ్మం దగ్గర టికెట్లాయన అడిగితే, ఖాళీదేనని, సంతకం పెట్టించుకోవడానికి తెచ్చానని చెప్పింది. ఆమె వచ్చింది వీళ్ళ వాయింపు వినడానికి కాదు. ఇందాక వేదిక మీద మెరిసిన ఆ వెండి ట్రంపెట్ కోసం. దాన్ని చేతిలోకి తీసుకోకుండా తిరుగు బస్సు ఎక్కకూడదని గట్టిగా అనుకునే ఇల్లు కదిలింది.

“శాక్సఫోన్లవాళ్ళో?”

“నలుగురూ యుద్ధం తర్వాత వచ్చినవాళ్ళే.”

“ఆ పాడే పిల్ల?”

“మూడో ఆవిడ.”

“గొంతు మాత్రం మొదటావిడ పట్టుకుపోయినట్టుంది. స్లేటన్ కనబడడేం?”

“నిరుడు పోయారమ్మా. ఇందాక ముందు నిలబడి పుల్ల ఊపింది ఆయన మేనల్లుడు.”

“దోమలు తోలుతున్నాడనుకున్నాను. అయితే పాతవాళ్ళు ఒక్కరూ లేరన్నమాట.”

ఆ మాట అని ఆర్డెల్లా కుర్చీలో స్థిమితంగా వెనక్కి వాలింది.

“ఒక్కరున్నారుగా. విక్ టాలివర్ గారు” అన్నాడు యూస్టిస్, గొంతులో భక్తితో. “పంతొమ్మిదివందల ముప్ఫై ఆరులో బ్యాండు పెట్టినప్పటి అసలు మనిషి. ముప్ఫై తొమ్మిదిలో సలైనా ఊరి దగ్గర మంచులో బస్సు బోల్తా పడింది. అందరూ చెల్లాచెదురయ్యారు. ఆయన మాత్రం వదల్లేదు.”

“ఆ బస్సులో ఎవరూ పోలేదా?”

“పోస్టరు మీదున్నవాళ్ళెవరూ పోలేదనే విన్నాను.”

“పోస్టరు మీదున్నవాళ్ళకు చావెక్కడిది” అంది ఆర్డెల్లా.

యూస్టిస్ చెయ్యి ఊపి పిలిచాడు. తలకు నూనె దట్టంగా పట్టించి, చిటికెన వేలికి ఉంగరం పెట్టిన పెద్దమనిషి ట్రంపెట్ చంకలో పెట్టుకుని తాపీగా వచ్చాడు. సంతకం అనగానే మొహం విప్పారింది. పెట్టె మూత లోపల అడ్డంగా, చేటంత అక్షరాలతో ‘విక్ టాలివర్’ అని రాశాడు.

“ఎంత బాగా రాశారో” అంది ఆర్డెల్లా. “ఆ రోజుల్లో మీకు పెళ్ళాం ఉండేదని విన్నాను.”

“ఉండేదమ్మా, ఏడుపుగొట్టుది. వెళ్ళొద్దని టల్సా స్టేషన్లో నా కాళ్ళు పట్టుకుంది. సంగీతమే నా ఆలి అని చెప్పి రైలెక్కాను. తర్వాత బెంగతో మంచం పట్టి పోయిందట.”

“పాపం. వంటైనా బాగా చేసేదా?”

“కుక్క కూడా ముట్టేది కాదు.”

యూస్టిస్ పగలబడి నవ్వాడు. ఆర్డెల్లాకు ఒళ్ళు మండింది కానీ నవ్వు మొహం పెట్టింది.

“ఈ సొట్ట ఏమిటి?” అని ట్రంపెట్ అంచు మీద బొటనవేలంత గుంట చూపించింది.

“కాన్సాస్ సిటీలో ఒక గూండా పిస్తోలు తీశాడు. దీనితో నడినెత్తిన ఒక్కటిచ్చాను. వాడికి ఇప్పటికీ తెలివి రాలేదంటారు.”

“అబ్బో. ఒక్కసారి పట్టుకోనిస్తారా?”

అతను దర్జాగా అందించాడు. ఆర్డెల్లా దాన్ని రెండు చేతులా తీసుకుంది. గౌను చేతి అంచుతో దాని మీది వేలిముద్రలు తుడిచింది. తర్వాత ఒళ్ళోని పెట్టెలో పడుకోబెట్టింది. లోపలి మఖమలు ఎప్పుడో ఆ ఆకారంలోనే నలిగి అణిగిపోయి ఉంది. సొట్ట వచ్చినచోట మాత్రం నలగకుండా నిలిచి ఉంది.

“భలే అమిరిందే” అన్నాడు ఆ పెద్దమనిషి. వేదిక మీద మేనల్లుడు చప్పట్లు కొట్టి అందర్నీ పిలుస్తున్నాడు. “ఇక ఇలా ఇవ్వండమ్మా, రెండో సగం మొదలెట్టాలి.”

ఆర్డెల్లా మూత వేసి, రెండు గొళ్ళేలూ బిగించింది.

“ఇది గూండా నెత్తిన కొడితే పడ్డ సొట్ట కాదు. మా వంటింట్లో అలమారు మీంచి గచ్చు మీద పడితే పడింది.”

“నా ట్రంపెట్‌కి మీ వంటింట్లో ఏం పని?” అన్నాడతను. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

ఆమె పెట్టెను గుండెకు ఆనించుకుని లేచింది.

“విక్ టాలివర్ విధవరాలిని నేనే, బాబూ.”