ఓమెగా లేని రాయి

“ఉలి కింద పెట్టు, హజరత్తయ్యా.”

తిమోతి సమాధుల తోటలోకి వచ్చిన తీరు చూసి రాతిపనివాడు హజరత్తయ్య లేచి నిలబడ్డాడు. అతని కూతురు రెజీనా మాత్రం తల్లి సమాధి దగ్గర నుంచి కదలలేదు.

“నేనే పిలిపించినా నాయనా. రేపు ఈస్టరు. ఇక్కడ అందరి రాళ్ల మీదా పుట్టిన తేదీకి అల్ఫా, పోయిన తేదీకి ఓమెగా ఉన్నాయి. అమ్మకు నాలుగేళ్లుగా అల్ఫా ఒక్కటే. రెండో పక్క బోసిగా ఉంది.”

“అది దేవుడి అక్షరం. ఊరికే చెక్కించేది కాదు.”

హజరత్తయ్య మధ్యలోకి వచ్చాడు. “తెలవక అడగతా తిమోతన్నా. ఈ ఓమెగా అనే లాడం గుర్తు మోటారు మెకానిక్ మీటరు మీద గూడా ఉంది. ప్రేమలీలమ్మకొచ్చిన కరోనా రోగాన్ని డెల్టా అనిరి. అదీ ఈ గ్రీకు బడి అక్షరమేనంట. మీ దేవుడికీ రోగానికీ ఒకటే పలకా?”

ఎవరూ నవ్వలేదు. అతను గొంతు తగ్గించాడు.

“ఆ రోజు నువ్వు మద్రాసు ఆసుపత్రి నుంచని మేకులు కొట్టిన శవపెట్టె తెస్తివి. అంటుకుంటదని ఎవురూ రాకపోతే ఒక పక్క నేనే పట్టినా. ఏం బరువుండాదని? రోగం మనిషిని పిండేసింది. పాపం, ఆమెకు ఒక్క అక్షరం...”

“నీ కూలి నీకిస్తా. పో.”

“ఆయన పోతే నేనూ పోతా,” అంది రెజీనా. “హాస్టల్లో ఇరుక్కోని అమ్మ ముఖం గూడా చూడలేదు నేను. నువ్వు ఒక పువ్వు పెట్టవు. ఒక్క రోజు ఏడవలేదు. ఈ రాయి ఇట్లే ఉంటే నీ గడప మళ్లీ తొక్కను.”

హజరత్తయ్య ఉలి సంచిలో వేసుకున్నాడు. సరుగుడు తోపులోంచి సముద్రపు గాలి ఇసుకను రాతి మీదికి కొడుతోంది.

తిమోతి ఫోను మోగింది. చూసి పళ్లు బిగించాడు. ఆగి, మళ్లీ మోగింది. ఎత్తి, విని, పెట్టేశాడు.

“ఎవరు నాయనా?”

“బెన్హర్. మద్రాసు నుంచి.”

“మన గుడిలో హార్మోనియం వాయించినాయనా? కరోనాలో అమ్మ పోయిన వారమే ఊరొదిలి పోయినాడు గదా. ఇన్నాళ్లకు ఏం కావాలంట?”

“ఏమీ వద్దంట. ఒక కబురు చెప్పినాడు.”

అతను రాతి ముందుకు వచ్చి, బోసిగా ఉన్న చోట ఇసుక చేత్తో తుడిచాడు. తండ్రి ఆ రాతిని ముట్టుకోవడం రెజీనా అంతవరకు చూడలేదు.

“చెక్కు, హజరత్తయ్యా.”

రెజీనా కళ్లు ఒత్తుకుంది. “ఇన్నాళ్లకు కరిగినావు.”

“కరగలేదు.”

హజరత్తయ్య ఉలి ఆనించి తలెత్తాడు. “లాడం సరే. తేదీ గూడా అప్పుడు వెయ్యనీకపోతివి. ఏం తేదీ వెయ్యమంటావు?”

“నిన్నటిది.”