హంసల గ్లాసు

“ఆ గ్లాసు తీసుకెళ్ళి ఆ దిబ్బలోనే పారేసి రారా నాయనా. చచ్చినవాళ్ళ సొత్తు మనకొద్దు,” అంది నాగేంద్రమ్మ. వారంలో ఇది నాలుగోసారి.

కొడుకు మధుసూదనరావుకి ఒళ్ళు మండింది. గుడివాడ స్కూల్లో ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్న మనిషి. తన ఇంట్లోనే ఈ దయ్యాల గోలేమిటి?

దసరాలప్పుడు గూడూరు దగ్గర చేపల చెరువు తవ్వుతుంటే పాత దిబ్బ ఒకటి బయటపడింది. కాసిని పూసలు, మట్టి ఎద్దుబొమ్మ, ఈ గ్లాసు దొరికాయి.

“గ్లాసు చిన్నదే గానీ భలే బరువుందండీ మాస్టారూ,” అంటూ పొక్లెయిన్ డ్రైవర్ అంజి అన్నిటినీ తెచ్చిచ్చాడు.

అంచు చుట్టూ హంసల బారు. నల్లబడ్డ వెండి అనుకున్నాడు మధుసూదనరావు. చింతపండుతో ఎంత తోమినా నలుపు వదల్లేదు.

“రెండు వేల ఏళ్ళ కిందట ఏ తల్లో బిడ్డకోసం చేయించి ఉంటుందమ్మా,” అన్నాడు కూతురితో. మూడో తరగతి మేధకి ఆ మాట ఎంత నచ్చిందో! అప్పట్నుంచి మజ్జిగైనా, నిమ్మరసమైనా హంసల గ్లాసులో పోస్తేనే తాగుతుంది. తండ్రి మురిసిపోయాడు.

సంక్రాంతి వెళ్ళాక పిల్లకి కడుపునొప్పి మొదలైంది. మొహం పాలిపోయింది. గడగడా చెప్పే ఎక్కాలు మర్చిపోయింది. వేసవి సెలవులకి గుడ్లవల్లేరులో అమ్మమ్మ దగ్గరుంటే తేరుకుంది. తిరిగొచ్చిన పదిహేను రోజులకే మళ్ళీ మెలికలు తిరిగిపోయింది.

“చూశావా? గుమ్మం దాటితే బాగుంటోంది. లోపలికొస్తే పడిపోతోంది. ఇంట్లో ఏదో ఉందిరా!” అంది నాగేంద్రమ్మ.

 లోలోపల మధుసూదనరావుకీ భయంగానే ఉంది. అమ్మ పూసల్నీ ఎద్దునీ ఎప్పుడో కాలవలో కలిపేసిందని తెలుసు. అయినా పిల్ల కోలుకోలేదుగా! ఇప్పుడు గ్లాసుకీ భయపడితే, ఇన్నాళ్ళూ పిల్లలకి తను చెప్పిందంతా ఏమైనట్టు?

“మేధ ఈ గ్లాసులోనే తాగుతుంది. ఏమవుతుందో నేనూ చూస్తాను,” అన్నాడు.

పంతంగా తనే నిమ్మకాయ పిండాడు. మేధ నేలమీద బోర్లా పడుకుని, గ్లాసు అడుగుతో నోటుబుక్కులో హంసని గీస్తోంది. బూడిదరంగు గీతలు పడుతున్నాయి.

“దీనికి పెన్సిలే అక్కర్లేదు నాన్నా!” అని నీరసంగా నవ్వింది.

గ్లాసు నింపి ఇచ్చాడు. నాగేంద్రమ్మ మొహం తిప్పుకుంది. మేధ గటగటా తాగేసింది.

ఫోన్ మోగింది. మొన్న మేధకి రక్తపరీక్ష చేయించిన విజయవాడ డాక్టరు గారు.

“మాస్టారూ, పాప రక్తంలో సీసం విషంలా పేరుకుపోయిందండీ. బరువుగా ఉండి, కాగితం మీద రుద్దితే పెన్సిల్లా గీత పడే పాత పాత్ర ఏదైనా మీ ఇంట్లో వాడుతున్నారా?”