రెండో హాలు

ఫ్రాన్స్ నుంచి వచ్చే ఆర్డర్లు సగానికి పడిపోయిన ఆ వసంతంలో, క్సార్ హెలాల్ ఊళ్ళోని బట్టల ఫ్యాక్టరీలో దలెందా మేడమ్‌కి పిచ్చి పట్టిందని అందరూ అనుకున్నారు.

మొదటి హాలుకు ఆమె పెద్ద. ముందునుంచీ కటువు మనిషే. ఇప్పుడు మరీ రాక్షసి అయింది. కుట్టు వంకరపోతే బట్ట మొహాన విసిరేది. బాత్రూంకి వెళ్ళొచ్చినవాళ్ళను వాచీ చూపించి నిలదీసేది. వారానికి ఇద్దరు ముగ్గురు ఏడ్చుకుంటూ పని మానేశారు. పోయేవాళ్ళనూ ఊరికే పోనిచ్చేది కాదు.

"పక్కూరు మోక్నీన్‌లో యూనిఫారాలు కుడుతున్నారు. నీలాంటి మొద్దుల్ని కూడా తీసుకుంటున్నారట. రంజాన్ లోపు పో, తర్వాత వాళ్ళూ గెంటేస్తారు," అనేది గేటు దాకా వెంటపడి.

రెండో హాలు మోంజీ గారిది. ఆయన గొంతు పెంచి ఎరగడు. పొద్దున్నే మిషన్ మిషన్ దగ్గరా ఆగి పిల్లల జ్వరాలు అడిగేవాడు. కష్టకాలంలో మనమంతా ఒకే ఇల్లు అనేవాడు. ఆయన కోసం ఆడవాళ్ళు సెలవు రోజున కూడా వచ్చి కుట్టారు. ఒక్కరూ మానలేదు.

మబ్రూకా ఆ హాల్లో పదకొండేళ్ళుగా కాలర్లు కుడుతోంది. చెల్లెలు రఫీకా మాత్రం మొదటి హాల్లో పడింది. అది తిండి మాని ఏడుస్తుంటే చూడలేక, తన హాలుకు మార్పించమని మోంజీని వేడుకుంది. ఆయన వెంటనే సరేనన్నాడు. దలెందా ఒప్పుకోలేదు.

మబ్రూకా తనే వెళ్ళి అడిగింది.

"మానేస్తానంటే ఈ క్షణమే పంపిస్తా," అంది దలెందా తలెత్తకుండా. "ఆ హాలుకి మాత్రం పంపను."

"మా చెల్లి మీకేం ద్రోహం చేసింది మేడమ్?"

"అది చేతకానిది. ఇంటికి తీసుకుపో."

మబ్రూకాకి ఒళ్ళు మండింది. గొడ్రాలికి జాలెక్కడిదని అందరి ముందూ అనేసింది. దలెందా చేతిలో కత్తెర ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

మోంజీ పైవాళ్ళతో చెప్పి రఫీకాను తన హాలుకు తెచ్చుకున్నాడు. ఆయన్ని కన్నవాళ్ళను దేవుడు కరుణించాలని మబ్రూకా దీవించింది. మోక్నీన్‌లో చేరిన పాత స్నేహితురాలొకతె వచ్చి, ఇంకా రెండు ఖాళీలున్నాయి, ఇద్దరూ రండి అంది. మోంజీ లాంటి మనిషిని కష్టంలో వదిలేసి రాలేమని చెప్పి మబ్రూకా ఆమెను పంపించేసింది.

రంజాన్ వచ్చేసరికి మొదటి హాల్లో ఎవరూ మిగల్లేదు. దలెందా ఒక్కతే ఖాళీ మిషన్ల మధ్య తిరుగుతుంటే రెండో హాలు ఆడవాళ్ళు చూసి నవ్వుకున్నారు.

పండగ దాటిన సోమవారం ఫ్యాక్టరీ గేటుకు గొలుసు వేసి ఉంది. ఆఖరి ఆర్డరు ముందురోజే ఓడ ఎక్కిందట. మోంజీ ఫోను మోగి మోగి ఆగిపోయింది. అక్కచెల్లెళ్ళు బస్సెక్కి మోక్నీన్ పరుగెత్తారు. పనేమీ లేదు పొమ్మన్నారు.

తిరిగొచ్చేసరికి లేబరు ఆఫీసు వాళ్ళు యజమాని గదిలో దొరికిన ఒక కాగితం నకలు గేటుకు అంటించి వెళ్ళారు. రఫీకా పైకి చదివింది.

ఫ్యాక్టరీ మూసేయాలనీ, ఆఖరి ఆర్డరు ముగిసేదాకా పనివాళ్ళకు తెలియనివ్వకూడదనీ మార్చి నాలుగునే రాసుకున్న ఆ కాగితం కింద, యజమాని సంతకం పక్కనే, మోంజీ సంతకమూ దలెందా సంతకమూ ఉన్నాయి.