దిండు కింది ప్రార్థన

“ఆ కాగితం మాత్రం ఇయ్యను సార్,” అంటూ కలైయరసి, జ్వరంతో మూలుగుతున్న పాపను ఒళ్లోకి లాక్కుంది.

గుడియాత్తంలోని ఆ ఇంట్లో యోసేపు తాత కాగితాలన్నీ గుణశేఖర్ ముందు పరిచి ఉన్నాయి. మెథడిస్టు పాస్టరుగా ఉంటూ, యుద్ధం రాగానే పటాలంలో చేరిన ఆయన జీవితం రాయాలని అతను వేలూరు నుంచి వచ్చాడు.

“అది తాత రాసిన ప్రార్థన నాయనా. దిండు కింద పెడితే జ్వరం దిగతాది,” అంది అత్త సెల్లమ్మ. “మాకు తెలుగు చదవను రాదు గానీ, మా అత్త కాలం నుంచీ పెడతానే ఉండాము.”

“చూసి ఇచ్చేస్తానమ్మా.”

కలైయరసి భయపడుతూనే ఇచ్చింది. చదివి, గుణశేఖర్ ఇబ్బందిగా నవ్వాడు.

“ఇది ప్రార్థన కాదమ్మా. తుపాకీ ఎట్ల తుడవాల్నో రాసి పెట్టుకోనుండాడు.”

“అయ్యో దేవుడా!” సెల్లమ్మ బుగ్గలు నొక్కుకుంది. “మరి ప్రార్థనలు యాడ పోయినాయి?”

“ఈ కట్టంతా అవే,” అంటూ గుణశేఖర్ ముందున్న కాగితాల్లో ఒక కట్టను చూపించాడు.

కలైయరసి పాప నుదురు తాకి చూసింది. చెమట పట్టి, వేడి తగ్గింది. ఆమె కట్టను అతనివైపు జరిపి, కాగితం కోసం చేయి చాపింది.

“ప్రార్థనలు మీరు తీసుకుపోండి సార్. పాప కాడ కాపలాకి సిపాయిని ఉండనీండి.”