సామ్రాజ్యం ఆపని కథ

సాయంత్రం బుర్రకథ చెప్పడానికి బయలుదేరిన సామ్రాజ్యానికి వీధి తలుపు తెరుచుకోలేదు. ఇప్పుడు షుగరున్న వాళ్ళందరి ఇళ్ళూ అంతే. షుగరు కొలవడానికి భుజానికి అంటించిన బిళ్ళ ఏం చెబితే ఇల్లు అదే చేస్తుంది.

“ఈ రాత్రి మీ షుగరు పడిపోతుంది. ఇంట్లోనే పడుకోండి,” అంది ఇల్లు.

“షుగరు చూడమన్నాను గానీ, నా మీద పెత్తనం చెయ్యమన్నానా?” అంటూ ఆమె కడుపునిండా అన్నం తిని, కిటికీలోంచి దిగి వెళ్ళిపోయింది.

కథ మధ్యలో నిజంగానే చెమటలు పట్టి, చేతులు వణికాయి. వంత పాడే చెల్లెలు మస్తానమ్మ వెంటనే గ్లూకోజు నీళ్ళు తాగించింది.

“ఇంటికి పోదామా అక్కా?”

సామ్రాజ్యం తల అడ్డంగా ఊపింది. జనం కదలకుండా కూర్చున్నారు. వణుకు తగ్గాక ఆమె తంబురా భుజానికెత్తుకుంది.

“షుగరు పడిపోయిందంతే, నేను పడిపోలేదు. ఎక్కడ ఆపాను?”

“యుద్ధం దగ్గరమ్మా!” అని అరిచారు జనం.